మిగతా త్రెడ్లను ఆపి చూశాను

2001 వేసవి చివర్లో నన్ను హైదరాబాదు ఆఫీసు నుంచి విశాఖపట్నం ఓడరేవు పనికి బదిలీ చేశారు. హోదా సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరు. మా కంపెనీ చిన్నది. రేవులో ఇనుప ఖనిజాన్ని రైళ్ల నుంచి దించి, నిల్వచేసి, ఓడలకు ఎక్కించే కాంట్రాక్టు ఉన్న ఒక సంస్థకు మేము కంట్రోల్‌రూం సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చాం. అందులో సర్వర్ భాగం చాలావరకు నేను రాసినదే. రాసినవాడే దగ్గరుండి చూసుకుంటే మంచిదని పంపారు. నాకూ అది గౌరవంగానే తోచింది.

మాది గోదావరి జిల్లా. సీతమ్మధారలో ఒక మేడమీద వాటా అద్దెకు తీసుకున్నాం. రోజూ పొద్దున కంపెనీ జీపు వచ్చి తీసుకెళ్లేది. మల్కాపురం వైపు రోడ్డెక్కేసరికి గోడలు, చెట్ల ఆకులు, ఆగి ఉన్న లారీల టార్పాలిన్లు అన్నీ ఇటుకరంగుకు తిరిగి ఉండేవి. కొన్నాళ్లకే నా తెల్లచొక్కాలను పక్కన పెట్టి మా ఆవిడ ముదురు రంగువి కొనిపెట్టింది. ఆ ఊరు నాకు త్వరగానే నచ్చింది. పని కూడా నచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసినా అక్కడి సంవత్సరాలు సంతోషంగా గడిచాయనే చెబుతాను. ఈ ఒక్క సంగతి మాత్రం వేరు. దీన్ని రాయడానికి కారణం నా తప్పు ఒకటే కాదు. మా వృత్తిలో రోజూ వాడే ఒక పనిముట్టు మనిషిని ఎలా మోసపోనిస్తుందో బయటివాళ్లకు తెలియదు. లోపలివాళ్లం కూడా మరిచిపోతుంటాం.

ముందు పని సంగతి చెప్పాలి. ఖనిజం గూడ్సు రైళ్లలో వస్తుంది. టిప్లర్ అనే యంత్రం వ్యాగన్‌ను అమాంతం పట్టుకుని బోర్లిస్తుంది. కింద పడిన ఖనిజం కన్వేయర్ బెల్టుల మీద ప్రయాణం చేసి నిల్వ యార్డుకు చేరుతుంది. యార్డులో ప్లాట్లు ఉంటాయి. గడ్డ ఖనిజం ఒక ప్లాటులో, పొడి ఖనిజం మరొక ప్లాటులో పోస్తారు. రెండూ కలిస్తే కొనుగోలుదారు తీసుకోడు. బెల్టులు చీలే చోట ఫ్లాప్ గేటు ఉంటుంది. అది ఇటు తిరిగితే ఒక ప్లాటు, అటు తిరిగితే మరొకటి. మేము చేరేసరికి అక్కడ రెండు టిప్లర్లు, రెండు బెల్టు లైన్లు ఉండేవి. లైనుకొక ఆపరేటరు కంట్రోల్‌రూంలో తన కంప్యూటరు ముందు కూర్చుని, వచ్చిన రైలులో ఏ రకం ఉందో చూసుకుని ప్లాటు నంబరు నొక్కుతాడు. ఆ నొక్కుడు మా సర్వర్‌కు వస్తుంది. సర్వర్ బెల్టులు ఖాళీగా ఉన్నాయో లేదో కనుక్కుని, గేటు ఎటు తిరగాలో పీఎల్‌సీకి చెబుతుంది. పీఎల్‌సీ అంటే మోటార్లను, గేట్లను నిజంగా కదిలించే పెట్టె. మా ప్రోగ్రాము దానికి ఆజ్ఞలిచ్చే గుమాస్తా లాంటిది.

ఆ గుమాస్తా ఒక్కడు కాడు. ఒకే ప్రోగ్రాములో ఒకేసారి పలు పనులు నడిచేటట్టు రాస్తాం. ఒక్కొక్క పనివరసను త్రెడ్ అంటాం. ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఎవరి పని వారు చేసుకునే గుమాస్తాలని అనుకోండి. ఒకటో లైను ఆపరేటరుకు ఒక త్రెడ్, రెండో లైనుకు ఒకటి, అలారాలు చూపడానికి ఒకటి. ఇంకొకటి ఉండేది. అది కొద్దికొద్దిసేపటికి పీఎల్‌సీకి "నేను బతికే ఉన్నాను" అని సంకేతం పంపుతూ ఉంటుంది. ఆ సంకేతం ఆగితే, పైన ఏదో పాడైందనుకుని పీఎల్‌సీ బెల్టులన్నీ ఆపేస్తుంది. ఇది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు.

ప్రోగ్రాములో తప్పు వెతకడానికి డీబగ్గర్ అనే పనిముట్టు ఉంది. నడుస్తున్న ప్రోగ్రామును మనకు కావలసిన వాక్యం దగ్గర ఆపి లోపలికి చూడనిస్తుంది. ఆ ఆపుడు గుర్తును బ్రేక్‌పాయింట్ అంటాం. ఆగిన తర్వాత ఒక్కొక్క వాక్యమే నడిపిస్తూ పోవడాన్ని స్టెప్పింగ్ అంటాం. ఏ వాక్యం దగ్గర ఉన్నామో తెర మీద పసుపు బాణం చూపిస్తుంది.

వచ్చిన కొత్తలోనే బ్రేక్‌పాయింట్ స్వభావం నాకు అందరి ముందూ తెలిసింది. ఏదో చిన్న అనుమానం తీర్చుకుందామని, నడుస్తున్న అసలు సర్వర్‌కే డీబగ్గర్ తగిలించి బ్రేక్‌పాయింట్ పెట్టాను. నా లెక్క ప్రకారం ఒకటో లైను త్రెడ్ మాత్రం ఆగాలి. కాని బ్రేక్‌పాయింట్‌కు ఏ ఒక్క త్రెడ్ తగిలినా డీబగ్గర్ ప్రోగ్రాము మొత్తాన్ని స్తంభింపజేస్తుంది. ఒక గుమాస్తాను ప్రశ్న అడగాలంటే గదిలో అందర్నీ కలాలు దించమన్నట్టు. బతికే ఉన్నానని చెప్పే త్రెడ్ కూడా ఆగింది. బయట సైరన్ మోగి బెల్టులన్నీ నిలిచిపోయాయి. రెండో లైను ఆపరేటరు సన్యాసినాయుడు కుర్చీ తిప్పి నా వైపు చూసి, "ఏటి సార్, బోణీ బాగా సేసేరు" అన్నాడు. గదంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత అసలు సర్వర్ జోలికి పోలేదు. పక్కగదిలో పరీక్షల కోసం మరో సర్వర్, రెండు ఆపరేటరు తెరలు, బెల్టులూ గేట్లూ ఉన్నట్టు నటించే ఒక ప్రోగ్రాము పెట్టుకున్నాను.

అక్కడ ఇంకో చిక్కు ఎదురైంది. రెండు లైన్ల త్రెడ్లూ ఒకే కోడు గుండా నడుస్తాయి. నేను ఒకటో లైను త్రెడ్‌ను స్టెప్ చేస్తుంటే, ఆ ఒక్క వాక్యం నడిచే కాస్త వ్యవధిలో మిగతా త్రెడ్లు కూడా కదులుతాయి. వాటిలో ఏదైనా అదే బ్రేక్‌పాయింట్‌కు వచ్చి తగిలితే పసుపు బాణం టక్కున దాని దగ్గరకు గెంతుతుంది. ఇప్పటిదాకా ఒకరి కథ వింటున్నవాణ్ణి మధ్యలో ఇంకొకరి కథలో పడతాను. చాలా విసుగు పుట్టించే వ్యవహారం. దానికి డీబగ్గర్‌లోనే ఒక సదుపాయం ఉంది. త్రెడ్ల జాబితా తెరిచి, అక్కరలేనివాటిని సస్పెండ్ చేయవచ్చు. అవి ఉన్నచోటనే ఉండిపోతాయి. మిగిలిన ఒక్కదాన్ని మొదటి నుంచి చివరిదాకా హాయిగా నడిపించుకోవచ్చు. అది నాకు అలవాటైపోయింది. బల్ల తుడిచి పనికి కూర్చున్నట్టు, డీబగ్గర్ తెరవగానే మిగతా త్రెడ్లను ఆపేసేవాణ్ణి.

మరుసటి ఏడాది వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం, గడ్డ ఖనిజం వెళ్లి పొడి ఖనిజం గుట్ట మీద పడింది. ఒకటో లైనులో వచ్చిన రైలుది అది. మూడో ప్లాటుకు పోవలసింది ఐదుకు పోయింది. యార్డువాళ్లు చూసి కేకలు పెట్టేసరికే చాలా వ్యాగన్లు బోర్లాయి. ఐదో ప్లాటులోని పొడి ఖనిజం బెర్తులో ఉన్న ఓడకు ఎక్కవలసిన సరుకు. లోడింగు ఆగిపోయింది.

ఒకటో లైనులో ఆ షిఫ్టు ఆపరేటరు పైడిరాజు. విజయనగరం వైపు రైతు కుటుంబం. ఐటీఐ చదివి కాంట్రాక్టు కార్మికుడిగా చేరి, ఆపరేటరు అయ్యాడు. అప్పటికి పెళ్లై ఒక పాప. కాంట్రాక్టు ఆపరేటర్లలో కొందరిని పర్మినెంటు చేయడానికి ఆ నెలల్లోనే పేర్లు పరిశీలిస్తున్నారు. పైడిరాజు పేరు అందులో ఉంది. కంప్యూటరు ప్రకారం ఐదు అనే ఆజ్ఞ అతని పేరుతోనే వెళ్లింది. అతనికి చార్జిమెమో ఇచ్చి, కుర్చీ నుంచి తీసి, విచారణ తేలేదాకా బెల్టుల కింద రాలిన ఖనిజాన్ని పారలతో ఎత్తే గ్యాంగులో వేశారు. ఆరోపణ రుజువైతే పర్మినెంటు జాబితాలోంచి పేరు పోతుంది. ఆ వయసులో మళ్లీ ఇంకో చోట మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

విచారణాధికారి రాజశేఖరం గారు. ఆ సంస్థలో చీఫ్ మేనేజరు. కృష్ణా జిల్లా మనిషి, మాట తక్కువ, కాగితం మీద లేనిది నమ్మరు. సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు ఉండే అవకాశముందా అని మా కంపెనీని అడిగారు. మా కంపెనీ నన్ను అడిగింది. నేను రాసిన ప్రోగ్రాము గురించి నన్నే అడగడంలో ఉన్న ఇబ్బంది నాకు అప్పుడు తట్టలేదు. తట్టినా పైకి అనేవాణ్ణి కాదేమో.

పరీక్షగదిలో కూర్చుని, ఒకటో లైను తెర మీద మూడు నొక్కాను. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగింది. అలవాటు ప్రకారం మిగతా త్రెడ్లను సస్పెండ్ చేశాను. వాక్యం వాక్యం నడిపించాను. మూడు అనే అంకె లోపలికి వచ్చింది, బెల్టులు ఖాళీయేనని సమాధానం వచ్చింది, గేటుకు మూడు అనే ఆజ్ఞ వెళ్లింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. వేరే ప్లాట్లతో చేశాను. ఎక్కడా తేడా లేదు. సాఫ్ట్‌వేర్‌లో దోషం లేదని, నొక్కిన నంబరే వెళ్తుందని సంతకం పెట్టి ఇచ్చాను. ఆ సాయంత్రం మంచి పని చేసిన తృప్తితోనే ఇంటికి వెళ్లాను. అది ఒప్పుకోకపోతే ఈ రాతకు అర్థం లేదు.

కొద్దిరోజుల తర్వాత బెల్టు గ్యాలరీ పక్కగా నడిచి వెళ్తుంటే పైడిరాజు ఎదురయ్యాడు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కళ్లు తప్ప మనిషంతా ఎర్రగా ఉన్నాడు. నన్ను చూసి పార గోడకానించాడు.

"సార్, నాను మూడే నొక్కేను. సింహాద్రప్పన్న మీదొట్టు. మీరేటి, దోసం నేదని రాసీసేరంట?"

చూసిందే రాశానని, కంప్యూటరుకు పక్షపాతం ఉండదని చెప్పాను. గోడ మీది పానెల్‌లో గేటు దీపం చూడలేదా అని ఎదురు ప్రశ్న కూడా వేశాను. పాతరోజుల్లో గేటు ఎటు తిరిగిందో ఆ దీపాలే చూపేవి. కంప్యూటర్లు వచ్చాక కూడా వాటిని తీయలేదు.

"సూడనేదు సార్, అబద్ధమెందుకు? ఇక గోడకేసి సూడక్కర్నేదు, తెర సూస్తే సాలని మాకు ట్రైనింగిచ్చింది మీరే గదా?" అన్నాడు. కోపంగా కాదు. గుర్తు చేస్తున్నట్టు అన్నాడు.

నిజమే. ఆ మాట నేనే అన్నాను. తెర మీద ఆపరేటరు నొక్కిన నంబరు కనిపిస్తుంది తప్ప గేటు నిజంగా ఎటు తిరిగిందో కనిపించదు. ఆ రెండూ ఎప్పుడూ ఒకటేనని నా నమ్మకం. పనుందని చెప్పి వచ్చేశాను.

మా పక్కన పీఎల్‌సీ పనులు చూసే ఇంజనీరు ఝాన్సీ ఉండేది. ఆమెది నా హోదాయే, ఆ సంస్థ ఉద్యోగి. ఊరు విజయనగరం. మాటలో మొహమాటం ఉండదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పైడిరాజు ప్రస్తావన వచ్చింది. నేను ఎంత జాగ్రత్తగా పరీక్షించానో ఆమెకు వివరించడం మొదలుపెట్టాను. బాణం గెంతే చికాకు, దానికి త్రెడ్లను సస్పెండ్ చేసే ఉపాయం, ఒక్కదాన్నే చివరంటా నడిపించడం, అన్నీ చెప్పాను. ఆమె చేపముక్క ముల్లు తీస్తూ వింది.

"అంటే అందర్నీ కూసోబెట్టీసి ఒక్కణ్ణే నడిపించేరు. మరి ఆడు ఎవుల్ని గుద్దుకుంటాడండీ, గాల్నా?" అంది.

నవ్వబోయి ఆగిపోయాను. "ఏటైంది మూర్తి గారూ, ముల్లు గాని గుచ్చుకుందా? నాను గదా సేప తింతన్నాను" అని తను నవ్వింది. రెండు త్రెడ్లు ఎదురుపడే చోటును నేను చూడనేలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

వెంటనే వెళ్లి చూడలేదు. అది నా రెండో తప్పు. నా దృష్టిలో మొదటిదానికన్నా పెద్దది. మొదటిది తెలియక చేసింది. అనుమానం వచ్చాక కూడా, వేరే పనులున్నాయని, విచారణ ఎలాగూ నడుస్తోందని, సంతకం పెట్టిన కాగితం వెనక్కి తీసుకుంటే మా కంపెనీ పరువేమవుతుందని వారం పైగా గడిపాను. అసలు కారణం కంపెనీ పరువు కాదు. ఆ కోడు నేను ఇష్టంగా రాసుకున్నది. రాసిన రోజుల్లో ఆఫీసులో పదిమందీ మెచ్చుకున్నది. దానిలో తప్పు దొరుకుతుందని భయపడ్డాను. రోజూ జీపులో బెల్టు గ్యాలరీ పక్కనుంచి వెళ్లేటప్పుడు తల రెండోవైపుకు తిప్పుకుని కూర్చునేవాణ్ణి.

చివరకు ఒక ఉదయం పరీక్షగది తలుపు వేసుకుని కోడు మళ్లీ చదివాను. ఈసారి డీబగ్గర్ తెరవలేదు. కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి, ఎడమవైపు ఒకటో లైను త్రెడ్ చేసే పనులు, కుడివైపు రెండో దానివి రాస్తూ పోయాను. మధ్యాహ్నం కాకముందే కనిపించింది.

నొక్కిన ప్లాటు నంబరును కాసేపు దాచుకోవడానికి ఒక చోటు పెట్టాను. పలక అందాం. త్రెడ్ ముందుగా నంబరును పలక మీద రాస్తుంది. తర్వాత బెల్టులు ఖాళీయేనా అని పీఎల్‌సీని అడుగుతుంది. సమాధానం వచ్చాక పలక మీది నంబరు చదివి గేటుకు ఆజ్ఞ పంపుతుంది. లోపం ఏమిటంటే ఆ పలక ఒక్కటే. ప్రోగ్రాము మొదట హైదరాబాదులో ఒకే లైనుకు రాసింది. రెండో లైను చేర్చినప్పుడు రెండో త్రెడ్‌ను పెట్టాను గాని రెండో పలకను పెట్టలేదు. ఒకటో త్రెడ్ మూడు అని రాసి, పీఎల్‌సీ సమాధానం కోసం ఎదురుచూస్తున్న ఆ కాస్త సందులో, రెండో త్రెడ్ వచ్చి దాన్ని తుడిచి ఐదు అని రాస్తే, ఒకటోది తిరిగొచ్చి ఐదు చదువుతుంది. ఆపరేటరు పేరు మాత్రం ఏ త్రెడ్‌కు ఆ త్రెడ్ విడిగా దాచుకుంటుంది. కాబట్టి ఐదు అనే ఆజ్ఞ పైడిరాజు పేరుతో వెళ్తుంది.

ఆ మధ్యాహ్నం రెండో లైనులో సన్యాసినాయుడు ఉన్నాడు. వెళ్లి అడిగాను. తన రైలు ఇంకా రాకపోయినా, వస్తోందని కబురు రాగానే ముందుగా ఐదు నొక్కి పెట్టుకున్నానని చెప్పాడు. "మాకు అలవాటే సార్. ముందు నొక్కీసుకుంటే టీకెల్లొచ్చు" అన్నాడు. ఆ అలవాటు సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

రాజశేఖరం గారి దగ్గరకు వెళ్లి, నా నివేదిక తప్పని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, "సంతకం చేసిన తర్వాత చెబుతున్నారు" అన్నారు. అవునన్నాను. నిరూపించగలరా అని అడిగారు. గలనన్నాను. ఆయన, ఝాన్సీ, పైడిరాజు, సన్యాసినాయుడు పరీక్షగదికి వచ్చారు. పైడిరాజు గ్యాంగు నుంచి నేరుగా వచ్చాడు, కుర్చీ మాసిపోతుందని నిలబడే ఉన్నాడు.

ఏ సదుపాయంతో తప్పును నాకు నేనే దాచుకున్నానో, ఆ సదుపాయంతోనే దాన్ని బయటకు తీశాను. పలక మీద నంబరు రాసిన వెంటనే వచ్చే వాక్యం దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టాను. పైడిరాజును ఒకటో తెర మీద మూడు నొక్కమన్నాను. అంతా ఆగింది. ఈసారి ఒకటో లైను త్రెడ్‌ను మాత్రమే సస్పెండ్ చేసి, బ్రేక్‌పాయింట్ తీసేసి, మిగతావాటిని నడవనిచ్చాను. సన్యాసినాయుడు రెండో తెర మీద ఐదు నొక్కాడు. ఆ త్రెడ్ పని పూర్తి చేసుకుని వెళ్లిపోయింది. అప్పుడు సస్పెండైనదాన్ని వదిలాను. నటించే ప్రోగ్రాములో ఒకటో లైను గేటు ఐదు వైపు తిరిగింది. పక్కన పైడిరాజు పేరు పడింది.

సన్యాసినాయుడు పైడిరాజు డొక్కలో మోచేత్తో పొడిచి, "సూసేవా బావా, నీ పేరెట్టుకుని నా ఐదు ఎలిపోనాది" అన్నాడు. పైడిరాజు నవ్వలేదు. తెర వంకే చూస్తున్నాడు.

రాజశేఖరం గారు కూడా నవ్వలేదు. ఆయన వేసిన ప్రశ్న నేను ఊహించినదే. "మీరు చేత్తో ఒకదాన్ని ఆపి ఇంకొకదాన్ని వదిలారు. అంటే తప్పును మీరే పుట్టించారు. ఆ రోజు మీరు లేరుగా? ఇది దానంతట అదే జరిగిందని ఎలా చెబుతారు?"

డీబగ్గర్ కొత్తగా ఏదీ కల్పించదని, ఏ త్రెడ్‌ను ఎప్పుడు నడిపించాలో ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమని, అది ఏ రెండు వాక్యాల మధ్యనైనా ఆపవచ్చని, పైగా పీఎల్‌సీ సమాధానం కోసం ఎదురుచూసేటప్పుడు తప్పక ఆపుతుందని చెప్పాను. నేను చేసింది, ఎప్పుడో అరుదుగా వచ్చే ఆ వరసను పిలిచి తీసుకురావడమేనన్నాను. ఆయన పట్టు వదలలేదు. డీబగ్గర్ లేకుండా చూపించమన్నారు. ఇద్దరు ఆపరేటర్లూ రెండు తెరల ముందు కూర్చుని ఒకేసారి నొక్కసాగారు. "ఒన్, టూ, నొక్కు బావా" అని ఒకడు, "నువ్వే లేటు" అని ఇంకొకడు. చాలాసేపు నొక్కారు. ఒక్కసారి కూడా తప్పు రాలేదు. పరీక్షగదిలో పీఎల్‌సీ కూడా నటనదే కాబట్టి సమాధానం మరీ తొందరగా వస్తోంది, సందు దాదాపు లేదు. ఆ మాట ఝాన్సీయే వివరించింది. అసలు పీఎల్‌సీ యార్డు అవతల ఉంటుందని, ఆ రోజు తీగల్లో ఆలస్యం ఎక్కువగా ఉందని తన విభాగంలో అందరికీ తెలుసని చెప్పింది. రాజశేఖరం గారు ఉన్నా, "నొక్కింది సాలు, సేతేళ్లు అరిగిపోతాయి" అని ఆపరేటర్లను లేపింది.

 పైడిరాజు నా వైపు ఒకసారి చూశాడు. ఇంతదూరం వచ్చి ఇక్కడ ఆగిపోతుందేమోనన్న భయం ఆ చూపులో ఉంది. నాలోనూ ఉంది.

తర్వాత రాజశేఖరం గారు నన్ను అడిగారు. "మూడు నొక్కినా ఐదు పోవడానికి ఈ ప్రోగ్రాములో వీలుందా, లేదా? అంతే చెప్పండి."

ఉందన్నాను.

"ఆ వీలు రాసింది మీరే."

నేనే అన్నాను.

"అయితే ఇతను ఐదు నొక్కాడని నేను ఎలా రాయను?" అని లేచారు. వెళ్తూ, అదే మాట సాయంత్రంలోగా సంతకంతో కావాలన్నారు.

రాసి ఇచ్చాను. మొదటి నివేదిక ఎలా తప్పయిందో, ఏ త్రెడ్లను ఆపి పరీక్షించానో దాచకుండా రాశాను. మా కంపెనీ నుంచి నాకు అసంతృప్తి తెలిపే మెమో వచ్చింది. ఆ ఏడాది పదోన్నతి రాలేదు. అది న్యాయమే. పైడిరాజు మీద ఆరోపణ ఎత్తేశారు. గోడ దీపం చూడనందుకు మందలించి ఊరుకున్నారు. చూడనక్కరలేదని చెప్పింది నేనేనని నా రెండో నివేదికలో ఉండటం వల్ల అంతకుమించి పోలేదు. పర్మినెంటు జాబితాలో అతని పేరు మిగిలింది.

దిద్దుబాటు చిన్నదే. ఏ త్రెడ్ పలక దానికిచ్చాను. నిజంగా ఇద్దరూ పంచుకోక తప్పని చోట్ల తాళం పెట్టాను, ఒకరు పని ముగించి తాళం తీసేదాకా రెండోవారు బయట నిలబడాలి. గేటు నిజంగా ఎటు తిరిగిందో తెర మీదే కనిపించేటట్టు ఝాన్సీ, నేను కలిసి మార్చాం. కొత్త ప్రోగ్రాము ఎక్కించిన ఉదయం పైడిరాజు మళ్లీ తన కుర్చీలోకి వచ్చాడు. నన్ను పక్కన నిలబెట్టి, మూడు నొక్కి, తెర చూసి, లేచి వెళ్లి గోడ మీద దీపం కూడా చూసి వచ్చాడు.

"మీరు సెప్పినా సెప్పకపోయినా ఇకన రెండూ సూత్తాను సార్" అన్నాడు.

అలాగే చూడమన్నాను. క్షమాపణ అప్పటికే చెప్పాను. అతను దానికి తలూపాడు, అంతే. తర్వాతి సంవత్సరాల్లో మా మధ్య మంచి పని సంబంధమే ఉండేది. సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ మొదట అతని లైను మీదే పరీక్షించాలని పట్టుబట్టేవాడు. నాకూ అదే నయమనిపించేది.

ఆ తర్వాత నా కింద పనిచేసినవాళ్లకు రెండు నియమాలు పెట్టాను. ప్రోగ్రాము రాసినవాడు దాని నిర్దోషిత్వానికి సంతకం చేయకూడదు. పలు త్రెడ్లున్న ప్రోగ్రామును డీబగ్గర్‌తో పరీక్షిస్తే, ఏవి కదులుతుండగా చూశామో, వేటిని ఆపి చూశామో నివేదికలో మొదటి వాక్యంగా రాయాలి, ఫలితం ఆ తర్వాత రాయాలి. ఆ మొదటి వాక్యం రాయలేకపోతే రెండోది రాసే హక్కు ఉండదు. ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా నా నివేదికలన్నీ ఆ వరసలోనే రాశాను.